ఉత్తమ ప్రదర్శన ఎందుకు ఉత్తమమో చెప్పండి: నాటక పరిషత్తుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

నాటక పరిషత్తుల నిర్వాహకులైన పెద్దలకు,

నమస్కారం. గుంటూరు, బాపట్ల, కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఏటా నాటిక పోటీలు నడుపుతున్న మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. ఏ ఒక్క పరిషత్తునూ వేలెత్తి చూపాలని నాకు లేదు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. పోటీల చివరి రాత్రి మీరు బహుమతులు ప్రకటిస్తారు గాని, వచ్చినవారికి ఎందుకు వచ్చిందో, రానివారికి ఎందుకు రాలేదో ఎక్కడా చెప్పరు. ఆ కారణాలను న్యాయనిర్ణేతల చేత రాయించి, వారి సంతకాలతో అందరూ చదివేలా ప్రకటించమని అడుగుతున్నాను. దానితోపాటు హాల్లో కూర్చున్న ప్రేక్షకులు నాటిక గురించి మాట్లాడుకోవడానికి కొంత వేళ, రాయడానికి కొంత చోటు మీ ఏర్పాట్లలో చేర్చమని కోరుతున్నాను.

నేను తపాలా కార్యాలయంలో కౌంటరు ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. కాపురం తెనాలిలో. నాటకంతో నాకున్నది ప్రేక్షకురాలి సంబంధమే. ఏనాడూ వేదిక ఎక్కలేదు, ఒక్క సంభాషణ రాయలేదు. చూసి వచ్చిన నాటిక గురించి ఆ రాత్రో మర్నాడు పొద్దున్నో నాలుగు మాటలు రాసిపెట్టుకోవడం మాత్రం ఏళ్ల నాటి అలవాటు. దానికోసం వేరే పుస్తకమేమీ లేదు. పాల పద్దు, గ్యాసు బండ వచ్చిన తేదీ, మా అత్తగారికి ఏ పూట ఏ మాత్ర వేయాలో రాసుకున్న చీటీ ఏ పుస్తకంలో ఉంటాయో నాటికలూ అందులోనే ఉంటాయి. అలా పక్కపక్కన ఉండడం వల్లనే కాబోలు, నాటికలోని ఇల్లు మా ఇంటిలా ఉందా లేదా అన్న ప్రశ్న నన్ను వదలదు. విమర్శకుల పరిభాష నాకు రాదు. వేదిక మీద ఇల్లు కట్టి ఇందులో మనుషులున్నారని మీరు చూపించినప్పుడు, అలాంటి ఇంట్లో బతికిన మనిషిగా మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను.

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకుంటాను. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మా ఊళ్లోనే. కోస్తాలో సాంఘిక నాటకం ఇప్పటికీ ఊపిరితో ఉందంటే అందుకు పరిషత్తులే ముఖ్య కారణం. టికెట్టు కొని నాటకం చూసే అలవాటు మన ఊళ్లలో దాదాపు పోయింది. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, గతించిన పెద్దల పేరిట బహుమతులు పెట్టించి, వచ్చిన నాటక సమాజాలకు బస, భోజనం, దారిఖర్చులు సర్ది, వరుసగా కొన్ని రాత్రులు ఉచితంగా నాటికలు వేయించడం చిన్న పని కాదు. సెట్టు సామాను వ్యాను సమయానికి రాకపోతే మీరు రోడ్డు మీద నిలబడి ఎదురుచూడడం చూశాను. వాన పడ్డ రాత్రి ముందు మూడు వరుసలు తప్ప హాలంతా ఖాళీగా ఉంటే మీ ముఖాలు ఎలా ఉంటాయో కూడా చూశాను. ఇంత శ్రమపడినవారు నాటకానికి అందవలసిన ఆఖరి మేలు దగ్గరకు వచ్చేసరికి చేతులు ముడుచుకుంటున్నారన్నదే నా బాధ.

చివరి రాత్రి ఏమవుతుందో గుర్తు చేసుకోండి. ఆఖరి నాటిక తెర పడుతుంది. న్యాయనిర్ణేతలు ముగ్గురూ లోపలి గదిలోకి వెళతారు. వారు వచ్చేదాకా దాతలకు, అతిథులకు సన్మానాలు జరుగుతాయి. ఆ తరువాత ఉత్తమ ప్రదర్శన, ద్వితీయ ప్రదర్శన, దర్శకత్వం, రచన, నటుడు, నటి, ప్రతినాయకుడు, హాస్యనటుడు, సహాయ నటుడు, బాలనటుడు, రంగాలంకరణ, ఆహార్యం, సంగీతం అంటూ పేర్లు చదువుతారు. చప్పట్లు, ఫొటోలు, ఓడిన సమాజాల వ్యాన్లు బయలుదేరిన చప్పుడు. న్యాయనిర్ణేతల్లో ఒకరు మైకు ముందుకొచ్చి అన్ని ప్రదర్శనలూ పోటాపోటీగా ఉన్నాయని, నిర్ణయం చాలా కష్టమైందని అంటారు. నేను విన్న ప్రతి పోటీలోనూ నిర్ణయం చాలా కష్టమే అయింది. ఎందుకు కష్టమైందో మాత్రం ఏ ఒక్కరూ విప్పి చెప్పలేదు. పరీక్ష పెట్టి మార్కులు ప్రకటించి, దిద్దిన పేపరు పిల్లవాడి చేతికివ్వని బడిని మీరెవరైనా ఒప్పుకుంటారా?

మర్నాటి పత్రికల జిల్లా పేజీలో జ్యోతి వెలిగించినవారి పేర్లు, శాలువా కప్పినవారి పేర్లు, కప్పించుకున్నవారి పేర్లు వస్తాయి. కింద నాటిక పేరు, సమాజం పేరు, ఊరి పేరు ఉంటాయి. ఆ నాటికలో ఎవరికి ఏమైందో చెప్పే వాక్యం ఒక్కటైనా ఉండదు. అందుకు విలేకరిని తప్పుపట్టలేను. అర్ధరాత్రి ముగిసే నాటిక కోసం ముద్రణ ఆగదు, అతని చేతికి మీరిచ్చిన కాగితంలో ఉన్నవి కూడా ఆ పేర్లే. నెల తిరిగేసరికి ఆ ప్రదర్శన జరిగిందనడానికి మిగిలేది ఒక జ్ఞాపికా, ఒక ఫొటోనూ. ఇప్పుడు వీడియోలు తీస్తున్నారు కదా అంటారేమో. హాలు వెనక స్టాండు మీద పెట్టిన కెమెరాలో నటుల ముఖాలు బొట్టుబిళ్లంతే కనబడతాయి, మాట కంటే ఫ్యాను చప్పుడే ఎక్కువ వినబడుతుంది.

కారణం చెప్పని బహుమతి నాటకాన్ని ఎటు తిప్పుతుందో నాకు కనబడినంత చెబుతాను. ఉత్తమ ప్రతినాయకుడికి బహుమతి ఉంది గనుక కథకు అవసరం లేకపోయినా ఒక ప్రతినాయకుడు పుడుతున్నాడు. హాస్యనటుడికి బహుమతి ఉంది గనుక చావింట్లో కూడా ఒక పనివాడు వచ్చి ఛలోక్తులు విసిరి వెళుతున్నాడు. బాలనటుడి కోసం, నాటిక చివర్లో పెద్దలకు బుద్ధి చెప్పే పిల్లవాడు ఒకడు తయారవుతున్నాడు. అంత పొడుగు వాక్యాలు మాట్లాడే పిల్లలను నేను మా వీధిలో చూడలేదు. ఏది మార్కులు తెచ్చిందో చెప్పేవారు లేనప్పుడు, కిందటేడు గెలిచిన నాటికలో ఉన్నవన్నీ తన నాటికలో ఉండేలా చూసుకోవడం తప్ప రచయితకు వేరే దారేముంది? ఫలానా నాటికలో హాస్యపాత్ర కథను చెడగొట్టిందని న్యాయనిర్ణేతలు ఒక్క ఏడాది ఒక్క వాక్యం రాస్తే, మరుసటి ఏటి పోటీలకు ఆ పాత్రలు సగానికి సగం తగ్గిపోతాయని నాకు గట్టి నమ్మకం.

ఇక కాఫీ సంగతి. నేను చూసిన సాంఘిక నాటికల్లో ఇంచుమించు ప్రతిదానిలోనూ ఒక ఇల్లాలు పళ్లెంలో కాఫీ కప్పులు పట్టుకొస్తుంది, ఆ కప్పులు ఎప్పుడూ ఖాళీవే. అవి ఖాళీవని మూడో వరుసలో కూర్చున్న ఏ ఆడమనిషికైనా తెలుస్తుంది. నిండు కప్పున్న పళ్లెం పట్టుకున్న చేతుల్లో ఒక జాగ్రత్త ఉంటుంది, చూపు పళ్లెం మీదే ఉంటుంది, నడక చిన్నదవుతుంది. ఖాళీ కప్పులను ఊపుకుంటూ తెచ్చి అలవోకగా అందిస్తారు, అందుకున్న పెద్దమనిషి పొగలు కక్కవలసిన కాఫీని ఒక్క గుక్కలో తాగేసి సంభాషణ అందుకుంటాడు. ఇది చిన్న విషయమని నవ్వుకోవచ్చు. నా మటుకు నాకు ఆ క్షణంలో ఆ ఇల్లు ఇల్లు కాకుండా పోతుంది. ఆ తరువాత అక్కడ ఎవరెంత ఏడ్చినా నా కళ్లు తడవవు.

ఆ తప్పు నటీమణిది కాదు. మన పరిషత్తు నాటికలకు నటీమణులు కొద్దిమందే ఉన్నారు. ఒకే ఆమె ఒకే రాత్రి రెండు సమాజాలకు నటించి, చీర మార్చుకుని, తెల్లవారుజామున బస్సెక్కి ఇంకో ఊరు పోటీలకు వెళ్లడం మీకందరికీ తెలిసిన సంగతే. ఆమెను వారాల తరబడి రిహార్సల్సుకు పిలిపించి పారితోషికం ఇచ్చుకునే శక్తి సమాజాలకు లేదు. అందుకని మగవాళ్లు నెలంతా సాధన చేసుకుంటే, ఆమె చివరి రెండు రోజులు వచ్చి కలుస్తుంది. రెండు రోజుల్లో పట్టుబడే పాత్రే రాయాలి గనుక ఆ పాత్ర కాఫీ తెచ్చి, కన్నీళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోతుంది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని బళ్ళారి రాఘవ గారు పట్టుబట్టిన కాలం నుంచి చూస్తే ఆడవాళ్లు వేదిక మీదికైతే వచ్చారు గాని, వచ్చినవారికి చేయడానికి పెద్దగా పని లేదు. ఇది నటన లోపం కాదు, డబ్బుకూ రోజులకూ సంబంధించిన చిక్కు అని మీ న్యాయనిర్ణేతలు ఒక్కసారి రాసి ప్రకటిస్తే, నటీమణి రిహార్సల్సు ఖర్చు నేను భరిస్తానని ముందుకొచ్చే దాత ఒకరైనా దొరకరా? జ్ఞాపికలకు దాతలు దొరుకుతున్న ఊళ్లే కదా ఇవి.

కథల విషయానికి వస్తే, పరిషత్తు వేదిక మీద తల్లిదండ్రులను వదిలేయని కొడుకును చూసి చాలా కాలమైంది. తండ్రి ఎప్పుడూ రిటైరైన బడిపంతులే. కొడుకు అమెరికాలో ఉంటాడు, లేకపోతే అమెరికా వెళ్లడానికి ఇల్లు అమ్మమంటాడు. కోడలు పుట్టుకతోనే చెడ్డది. చివర్లో వృద్ధాశ్రమం, కీబోర్డు మీద విషాద రాగం, తండ్రి మీద ఒక్క వెలుగు, అతను నేరుగా ప్రేక్షకులతో చెప్పే సుదీర్ఘమైన నీతి. మా వెనక వరుసలోని పెద్దవాళ్లు నిజంగానే ఏడుస్తారు, దాన్ని నేను తేలిక చేయను. అయితే నేను కౌంటరులో కూర్చున్న కాలంలో నా చేతుల మీదుగా వెళ్లిన మనియార్డర్లు గుర్తొస్తాయి. ఫారం అడుగున సమాచారం రాసుకోవడానికి రెండు మూడు వరుసల చోటుండేది. నెలనెలా తప్పకుండా డబ్బు పంపే కొడుకులు ఆ చోట ఏమీ రాసేవాళ్లు కాదు. అందుకోవడానికి వచ్చిన తల్లి డబ్బు లెక్కపెట్టుకునే ముందు ఆ చోటు చూపించి, ‘ఏమన్నా రాశాడామ్మా’ అని అడిగేది. ఆ కొడుకు దుర్మార్గుడు కాడు, ఆమె అనాథా కాదు. ఆ ఇద్దరి మధ్య ఉన్నదేమిటో చూపించిన నాటిక ఇంతవరకు నాకు తారసపడలేదు.

మా అబ్బాయీ అమెరికాలోనే ఉన్నాడు. రోజూ పొద్దున్నే వాడికి రాత్రి అవుతుండగా వీడియోలో కనబడతాడు. అంట్లు తోముతూ మాట్లాడతాడు, నేను కూర తరుగుతూ వింటాను. మా మధ్య ద్రోహమేమీ లేదు. మంచం పట్టిన వాళ్ల నానమ్మకు స్నానం చేయించడానికి పనిమనిషి దొరకని వారం నా నడుము పట్టేస్తే, ఆ సంగతి వాడికి చెప్పాలా వద్దా అని నేను తర్జనభర్జన పడతాను. చెప్పలేదని వాడికి తెలిస్తే వాడు నొచ్చుకుంటాడు. మా కోడలు మా అత్తగారి మందుల జాబితా తన ఫోనులో పెట్టుకుని అయిపోవచ్చే ముందే నాకు గుర్తుచేస్తుంది. ఇందులో ప్రతినాయకుడెవరు? ప్రతినాయకుడు లేడు గనుక ఇది నాటికకు పనికిరాదని రచయితలు అనుకుంటున్నారేమో. అందులోనే ఒక గంట నాటిక ఉందని నాకనిపిస్తుంది. ఇలాంటి మాట రచయిత చెవిన వేయడానికి పోటీల రాత్రుల్లో నాకు చోటు ఎక్కడుంది? మేకప్పు గది దగ్గరకు వెళితే అభినందనలు మాత్రమే చెప్పడం మర్యాద, విజేతలను ప్రకటించాక చెబితే ఓడినవాళ్ల తరఫున మాట్లాడుతున్నానని అనుమానం.

మంచి నాటికలూ చూశాను, అవి అంతకంటే అన్యాయంగా మరుగున పడిపోయాయి. ఆ మధ్య ఒక సమాజం వేసిన నాటికలో కథంతా చిన్న కుట్టుమిషను దుకాణంలో జరుగుతుంది. దుకాణదారు పాత్ర వేసిన ఆయన గుడ్డ మీద సుద్దతో గీత గీసి, కత్తెర అడుగు అంచు బల్లకు ఆనించి, ఆపకుండా ఒకే ఊపులో కత్తిరించాడు. మాట్లాడుతూనే దారం కొసను పెదవుల మధ్య తడిపి సూదిలోకి ఎక్కించాడు. రెడీమేడ్ బట్టలు వచ్చాక బేరాలు పోయిన మనిషి అతను. ఆ మాట అతను నోటితో చెప్పడు, పాత జాకెట్టుకు హుక్కులు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి దగ్గర డబ్బు వద్దంటూనే చెయ్యి చాస్తాడు. హాల్లో ఈల లేదు, చప్పట్లు లేవు, అందరూ ముందుకు వంగి చూస్తున్నారు. ఆ నాటికకు ఏ బహుమతీ రాలేదు. రాకపోవడం అన్యాయమని నేను వాదించను. వేలాడదీసిన మైకులకు దూరంగా కూర్చుని నటించడం వల్ల మాటలు వెనక వరుసలకు సరిగా వినబడలేదు, ముగింపు తొందరగా వచ్చిపడింది. న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గించింది అందుకేనా, కథలో ‘సందేశం’ లేదనా, ప్రతినాయకుడు లేడనా? మొదటిదైతే ఆ సమాజం మైకు సరిచేసుకుని మళ్లీ వస్తుంది. కారణం తెలియక, ఇలాంటి నాటిక పరిషత్తులకు పనికిరాదనుకుని ఆ తరువాత వాళ్లు వృద్ధాశ్రమం కథే ఎత్తుకున్నారు. అదీ చూశాను.

పద్యనాటకానికి ఈ బాధ లేదు. అక్కడ విమర్శ అక్కడికక్కడే జరిగిపోతుంది. రాయబారం సీనులో పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటారు, నోట్లు చదివిస్తారు. రాగం అర్థాన్ని మింగేస్తే, పాచిక ఎక్కడ పారలేదో హార్మోనిస్టు ముఖంలోనే తెలిసిపోతుంది. మా అత్తగారు చిన్నప్పుడు ఎడ్లబండి మీద వెళ్లి తెల్లవార్లూ నాటకాలు చూసిన మనిషి. ఇప్పుడు మంచం మీద నుంచే, నా ఫోనులో ఎవరైనా రాయబారం పద్యం పాడితే చెయ్యి ఎత్తి ఆపిస్తారు. ‘కృష్ణుడు సంధికి వచ్చాడా, కచేరీకి వచ్చాడా’ అంటారు. ఆమె బడికి వెళ్లినది అయిదో తరగతి వరకే. పద్యం ఎక్కడ విరవాలో, ఏ మాట మీద ఆగాలో ఆమెకు నేర్పినది పక్కన కూర్చుని చూసిన జనం. మెచ్చుకోవడం, మెచ్చకపోవడం వాళ్లు గొంతెత్తి చేసేవారు. సాంఘిక నాటిక దగ్గర ఆ గొంతును మనం మూసేశాము. మౌనంగా చూడండి, మార్కులు మేం వేసుకుంటాం అన్నట్టుంది మన పద్ధతి.

జనం గొంతు ఉన్నంత మాత్రాన చాలదని కూడా చెప్పాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు పాడడం ఆనవాయితీ అయింది. అవి నాటకకర్త రాసినవి కావు, నటులు తెచ్చి చేర్చినవి. ఆ చేర్పు వల్ల ఆ సీను ఎంత ఎత్తుకు వెళ్లిందో మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. కాళ్లకూరి నారాయణరావు గారు వందేళ్ల కిందట సంస్కరణ కోసం రాసిన చింతామణికి కూడా సమాజాలు చేర్పులు చేశాయి. అందులోని వైశ్య వ్యాపారి సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ పేరుకుపోయిన ద్వంద్వార్థపు మాటల్లో ఎన్ని నాటకకర్తవో, ఎన్ని ఈలల కోసం పుట్టుకొచ్చినవో విడదీసి రాసిపెట్టే పని మన ఊళ్లలో జరగలేదు. తమను కించపరుస్తున్నారన్న ఆర్యవైశ్యుల అభ్యంతరం మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను మొత్తంగానే నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అన్న చర్చలోకి ఈ లేఖలో వెళ్లను. ఒక చేర్పు నాటకాన్ని పెంచింది, ఇంకొకటి చెరిచింది. ఏది ఏదో ఎప్పటికప్పుడు చెప్పే రాత ఊరూరా ఉండి ఉంటే, నాటకకర్త రాసినదానికీ ఈలల కోసం కలిపినదానికీ మధ్య గీత గీయడం సులువై ఉండేది, వ్యవహారం ప్రభుత్వం దాకా పోయేది కాదేమో.

రాతపూర్వకమైన విమర్శ ఎందుకంటారా, స్థానం నరసింహారావు గారిని తలచుకోండి. మా ఊరి రామవిలాస సభలో సత్యభామగా నిలబడి పేరుపొందిన ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నటన వేదిక మీద ఎలా ఉండేదో ఈనాటి నటుడు తెలుసుకోవాలంటే చూసినవారు రాసిపెట్టినవే ఆధారం. ఆ కాలంవాళ్లు రాశారు కాబట్టి ఆ కొంగు సర్దుకోవడం, ఆ చూపు మనదాకా వచ్చాయి. ఈ రోజు మన పరిషత్తుల్లో అంతటి నటి ఒకామె ఉందే అనుకుందాం. ఆమె గురించి ముప్పై ఏళ్ల తరువాతివాళ్లకు ఏం మిగులుతుంది? ‘ఉత్తమ నటి’ అన్న రెండు మాటలు.

రచనకూ ఇదే వర్తిస్తుంది. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో వేదిక ఎక్కింది, 1897లో అచ్చయింది. గురజాడ వారు అంతటితో తృప్తిపడక దాన్ని చాలావరకు తిరగరాసి, పెంచి, 1909లో మళ్లీ అచ్చు వేశారు. ఇప్పుడు మనం చదివేది, ప్రదర్శించేది ఆ రెండో కూర్పునే. మన నాటిక ఒక వేసవిలో పుట్టి, పోటీల కాలం గడిచేదాకా ఊరూరా తిరిగి, మరుసటి ఏడు కొత్త నాటిక రాగానే అటకెక్కుతుంది. కొత్త రచనకే ప్రవేశం అన్న మీ నిబంధన అందుకు కొంత కారణమైతే, తిరగరాయడానికి రచయితకు దారి చూపే మాట ఎవరూ చెప్పకపోవడం మరికొంత కారణం.

మీ వైపు నుంచి రాగల అభ్యంతరాలు నేనెరుగుదును. సమాజాలవాళ్లు బ్యాంకుల్లో, బడుల్లో, కరెంటాఫీసుల్లో పనిచేసుకుంటూ సెలవు పెట్టి, సొంత డబ్బు కలుపుకుని వస్తున్నారు. అలాంటివారిని విమర్శిస్తే రావడం మానేస్తారని మీరంటారు. వారు అంత కష్టపడి వస్తున్నారు కాబట్టే, నాలుగు మంచి మాటలతో సాగనంపడం వారిని చిన్నబుచ్చడమని నేనంటాను. నటులతో మాట్లాడిన ప్రతిసారీ వారు అడిగేది, ‘ఎక్కడ తేలిపోయిందో చెప్పండమ్మా’ అనే. రెండో అభ్యంతరం, కారణాలు రాస్తే న్యాయనిర్ణేతల మీదికి గొడవకు వస్తారని. కారణాలు చెప్పకపోయినా గొడవలు జరుగుతూనే ఉన్నాయి, ఫలితాలు ముందే ఖాయమైపోయాయన్న గుసగుసలు ప్రతి ఊళ్లోనూ వినబడుతున్నాయి. ఆ గుసగుసలను నేను నమ్మను. కాని వాటికి జవాబు చెప్పగలిగినది కారణాల కాగితం ఒక్కటే, అది మీరు విడుదల చేయడం లేదు.

ప్రభుత్వం తరఫున జరిగే నంది నాటకోత్సవాలకూ నాది ఇదే విన్నపం. 2023 డిసెంబరులో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో అవి మళ్లీ జరిగినప్పుడు సంతోషించినవారిలో నేనొకదాన్ని. అంత పెద్ద పోటీలో ఇచ్చే నిర్ణయాలకు కారణాలు అచ్చయి వస్తే మిగతా పరిషత్తులన్నిటికీ అదే ఒరవడి అవుతుంది.

ఆడవాళ్ల సంగతి ఒక్కటి ఇక్కడే చెబుతాను, ఇది కూడా సమీక్షకు సంబంధించినదే. సాయంత్రం ఆరున్నర అని కరపత్రంలో వేసి, సభ ముగించి మొదటి నాటిక ఎనిమిది దాటాక ఎత్తుతున్నారు. మూడో నాటిక తెర లేచేసరికి పదకొండు. అత్తగారి దగ్గర కూర్చున్న పక్కింటావిడ పదింటికి వెళ్లిపోవాలి గనుక నేను రెండో నాటిక సగంలో లేచిపోయిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. నాలాగే లేచిపోయే ఆడవాళ్లను నేను గుమ్మం దగ్గర పలకరిస్తూ ఉంటాను. ఇంటి కథలు చెప్పే నాటికలను ఇల్లు నడిపేవాళ్లు చివరిదాకా చూడలేకపోతే, వాటిని ఎవరు తూచాలి? సన్మానాలు ఆఖరి రోజుకు పెట్టుకోండి, నాటిక వేళకు ఎత్తండి.

నేను కోరుతున్న ఏర్పాట్లు ఖర్చుతో కూడినవి కావు. న్యాయనిర్ణేతలు ఒక్కో నాటికకు ఒక పేజీ రాయాలని, అందుకు మర్నాటి మధ్యాహ్నం వరకు వారికి గడువు, బస ఇస్తామని ఆహ్వానంలోనే చెప్పండి. ఆ పేజీలను ముందు సమాజాలకు పంపించి, వారం తరువాత అందరికీ అందుబాటులో ఉంచండి. ప్రతి ఉదయం పదింటికి అదే హాల్లో, ముందు రాత్రి నాటికల రచయిత, దర్శకుడు, నటులు కూర్చుంటే ప్రేక్షకులు మాట్లాడే గంట ఒకటి పెట్టండి. అతిథులు, దండలు, జ్యోతి వద్దు. కందుకూరి వారి జయంతి ఏప్రిల్ 16న మనం తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటున్నాము. ఆ రోజు ఉపన్యాసాలతో గడపకుండా ఆ ఏడాది వచ్చిన సమీక్షలన్నిటినీ చదివి వినిపిస్తే, మాట్లాడుకోవడానికి బోలెడంత సరుకు ఉంటుంది. విలేకరుల చేతికి ఇచ్చే కాగితంలో అతిథుల పేర్ల కంటే ముందు నాటిక గురించి అయిదు వాక్యాలు రాసివ్వండి. అచ్చు వేసేది లేనిది వాళ్ల ఇష్టం.

ఈ సీజనులో తెనాలి చుట్టుపక్కల జరిగే పోటీలకు వీలైనన్ని రాత్రులు వస్తాను. చూసిన నాటికల మీద నేను రాసినవి మర్నాడు జిరాక్సు తీయించి, హాలు బయట టీ కొట్టు దగ్గర అడిగినవారికి ఇద్దామనుకుంటున్నాను. పేరు, సంతకం ఉంటాయి, మెచ్చుకోలు, తప్పొప్పులు రెండూ ఉంటాయి, కాఫీ కప్పుల ప్రస్తావన తప్పకుండా ఉంటుంది. హాలు ఆవరణలో కాగితాలు పంచడానికి మీ అనుమతి అవసరమైతే కరపత్రాలు అచ్చుకు వెళ్లేలోపే తెలియజేయండి. అభ్యంతరమంటే రోడ్డు అవతల నిలబడతాను.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక ప్రేక్షకురాలు